తొలిచెయ్యి

సంక్రాంతి బేరాలు ఊపందుకునే రోజుల్లో నరసరావుపేటలో స్టీలు సామాన్ల కొట్టు మూసి ఊరు వదిలిపోయేవాడు ఉండడు. సుబ్బరామయ్య మూశాడు. షట్టరు మీద సెలవు కాగితం అంటిస్తుంటే పక్క కొట్టు నాగేశ్వరరావు వచ్చి, ఎవరన్నా పోయారా అని గొంతు తగ్గించి అడిగాడు. ఎవరూ పోలేదు, ఓడ ఎక్కుతున్నాం అన్నాడు సుబ్బరామయ్య. నవ్వాలో వద్దో తేల్చుకోలేక, సాగర్‌లో లాంచీయేగా అన్నాడాయన. కాదు, చెన్నై నుంచి, నడిసముద్రంలో, అని మెట్ల మీంచి అతని భార్య హైమావతి అందుకుంది. ఆ సంగతి ఆమె అప్పటికే బజారంతా చెప్పి వచ్చింది. ఎక్కడ చెప్పినా చివర ఒకటే ముక్క.

"మా రవి పంపిస్తన్నాడు."

రవిచంద్ర సుబ్బరామయ్య తమ్ముడి కొడుకు. వాడి తల్లి పోయేనాటికి వాడికి నడక కూడా సరిగ్గా రాలేదు. హైమావతి అచ్చంపేట వెళ్ళి వాణ్ణి చంకనేసుకుని తెచ్చుకుంది, మళ్ళీ కిందికి దించలేదు. వాడు పదిమందిలో పెద్దమ్మా అనేవాడు, జ్వరమొస్తే అమ్మా అనేవాడు. ఆమెకు కడుపు పండలేదన్న సంగతి వాడు ఇంట్లో తిరిగినన్నాళ్ళూ ఎవరికీ గుర్తు రాలేదు. ఇప్పుడు వాడికి గుంటూరులో ఉద్యోగం. సత్తెనపల్లి పిల్ల సాయిసాత్వికను చేసుకున్నాడు. డిసెంబరు మొదట్లో ఆడపిల్ల పుట్టింది. తొలి కాన్పు గనక తల్లీబిడ్డా సత్తెనపల్లిలోనే ఉన్నారు.

ఓడ ప్రయాణం గురించి హైమావతికి తెలిసింది సగమే. మిగతా సగం సుబ్బరామయ్య దగ్గరే ఉండిపోయింది.

ఆమె గుడికి వెళ్ళిన వేళ చూసుకుని రవి ఒకరోజు కొట్టు దగ్గరికొచ్చాడు. గల్లా పక్కన కూర్చుని ఒక గ్లాసు చేతిలోకి తీసుకుని తిప్పుతూ, తిప్పుతూ, అసలు విషయానికొచ్చాడు. ఇరవై ఒకటో రోజు బారసాల. తమ ఇళ్ళల్లో బిడ్డను ఉయ్యాల్లో వేసే తొలిచెయ్యి నాన్నమ్మది, చెవిలో పేరు చెప్పేదీ నాన్నమ్మే. ఆ లెక్కన హైమావతి వెయ్యాలి. సాత్విక అమ్మమ్మ మాత్రం పట్టిన పట్టు విడవటం లేదు. కడుపు పండని చెయ్యి తొలిచెయ్యి కాకూడదంట. తను గొడవ పడ్డాడట, పచ్చి బాలింత ఏడుస్తుంటే ఆపేశాడట. పెద్దమ్మ వచ్చాక పక్కన నిలబడమంటే ఆ మొహం తను చూడలేడట.

"ఆ రోజుకి మీరిద్దరూ ఓడలో ఉండేట్టు చూస్తా. సముద్రంలో సిగ్నలుండదు పెదనాన్నా. ఎవరు ఫోటోలు పెట్టినా కనపడవు. ధనుర్మాసం గదా, బారసాల మాఘంలో చేస్తన్నామని చెబుదాం. తరవాత నేను సర్దిచెప్పుకుంటా."

సుబ్బరామయ్య ఆ గ్లాసు వాడి చేతిలోంచి తీసుకుని, గుడ్డతో తుడిచి, వరసలో పెట్టాడు.

"సరేలే," అన్నాడు.

ఆమెకు దెబ్బ తగలకుండా కాపాడుతున్నానని తనకు తాను గట్టిగానే చెప్పుకున్నాడు. రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఆమె చిన్నపిల్లలా నవ్వుతుంటే ఆ మాట నిజమేననిపించింది కూడా.

ఓడ మెట్ల దగ్గర సంచులు తనిఖీ చేసి ఊరగాయ సీసా లాగేశారు. చీర మడతల్లో దాచిన కందిపొడి మాత్రం గట్టెక్కింది. లోపల లిఫ్టులు, తివాచీలు, క్రిస్మస్ దీపాల తోరణాలు. భోజనాల హాలు మాచర్ల బస్టాండంత ఉంది. హైమావతి పట్టుచీర మీద స్వెట్టరు, కాళ్ళకు రవి కొనిచ్చిన బూట్లు వేసుకుని ఓడ ఆ చివర నుంచి ఈ చివరకు తిరిగింది. తెలుగు మాట వినపడితే చాలు, వెళ్ళి పలకరించింది. రాత్రి భోజనాల దగ్గర గురజాల నుంచి వచ్చిన మోయిన్, ఫరా అనే జంట పరిచయమయ్యారు. వాళ్ళ ఒళ్ళో నెలల పిల్ల. మీకెంతమంది పిల్లలని ఫరా అడిగితే హైమావతి తడుముకోలేదు. ఒక్కడే బాబు, మొన్ననే మనవరాలు పుట్టిందని ఫోనులో ఫోటో చూపించింది. ఆసుపత్రిలో తీసిన ఫోటో అది. ఆ రోజు తను చేతులు చాపితే, పాలు పట్టాలంటూ సాత్విక అమ్మమ్మ బిడ్డను లోపలికి తీసుకుపోయింది. ఆ సంగతి ఆమె చెప్పలేదు. సుబ్బరామయ్య పెరుగన్నంలోకి తల వంచేశాడు.

తెల్లవారితే ఇరవై ఒకటో రోజు.

పొద్దున పై అంతస్తులో, ఎండపొడకు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. నాలుగు వైపులా నీళ్ళే. ఈపాటికి సత్తెనపల్లిలో ఉయ్యాలకు పూలు చుడుతుంటారని అతను లోపల్లోపల అనుకుంటూనే ఉన్నాడు. అంతలో ఫరా వచ్చి, టిఫిను తినొస్తాం, కాసేపు చూస్తారా ఆంటీ అంటూ పాపను అందించబోయింది. హైమావతి చేతులు చాపలేదు. చీర కొంగులోకి లాక్కుంది.

"నాకు పిల్లల్లేరమ్మా," అంది. "రాత్రి చెప్పింది మా మరిది కొడుకు సంగతి. నేను పెంచాను, కనలేదు. ముందే చెబుతున్నా, తరవాత ఏమన్నా అనుకుంటావని."

సుబ్బరామయ్య ఉలిక్కిపడ్డాడు. ఇన్నేళ్ళలో ఆ మాట ఆమె నోటివెంట వినటం అదే మొదలు.

ఫరాకు అర్థం కాలేదు. "అయితే ఏందాంటీ? ఎత్తుకోవటం రాదా?"

"ఎందుకు రాదు," అంది హైమావతి.

పాప ఆమె ఒళ్ళో ఇమిడిపోయింది. గాలి తగలకుండా కొంగు కప్పి, కాళ్ళు మెల్లగా ఊపుతూ కూర్చుంది. తర్వాత మొగుడి వైపు తిరిగింది. మొహం వెలిగిపోతోంది.

"చూశారా, ఏమీ అనుకోలేదు. మన పిల్ల దగ్గర కూడా ఎవరూ ఏమీ అనరులెండి. లోపల్లోపల భయపడి చస్తన్నా. మాఘంలో ఉయ్యాల్లో వేసేది నేనేనని రవితో వాళ్ళకి ముందే ఒక్క మాట చెప్పించండి, చాలు."

ఇక ఆగలేకపోయాడు. సముద్రం వైపు చూస్తూ చెప్పాడు. అమ్మమ్మ అన్నది, రవి కొట్టు దగ్గరికొచ్చింది, ధనుర్మాసం వంక, ఓడ. అంతా చెప్పాక చివరికి, "ఇయ్యాలే," అన్నాడు. "ఈపాటికి అయిపోయుంటది."

హైమావతి కాళ్ళు ఊపటం ఆపలేదు. పాప నోట్లో వేలు పెట్టుకుంటే తీసింది. మళ్ళీ పెట్టుకుంటే ఊరుకుంది.

"ఆ ముసలామె అన్నదంటే అన్నది. నేను ఆమెకేమవుతాను. రవికి పెళ్ళాం ఏడుస్తంది, వాడేం చేస్తాడు. మీరేమన్నారు?"

సుబ్బరామయ్య కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడిచాడు.

"సరేలే అన్నా."

"ఇంకేం అన్లేదా?"

"లేదు."

"నాతో చెబితే నేనే దూరంగా ఉండేదాన్ని గదండీ. వంటింట్లో కూచుని శనగలు ఉడకేసేదాన్ని. గోడ అవతల నుంచన్నా ఆ పిల్ల పేరు నా చెవిన పడేది."

"నువ్వు బాధపడతావని..."

"పడితే పడేదాన్ని. నా బాధ నాది. దాన్ని మీరు ఓడెక్కించేదేంది."

ఫరా తిరిగొచ్చి చేతులు చాపితే హైమావతి పాప తల సర్ది జాగ్రత్తగా అందించింది. పేరేందమ్మా అని అడిగింది. హఫ్సా అని చెప్పింది ఫరా. మంచి పేరు, అంది హైమావతి. ఇంకోసారి నోట్లో అనుకుంది.

ఆ పూటా, రాత్రీ ఆమె అన్నం తింది. పాటల కార్యక్రమానికి వచ్చి కుర్చీలో కూర్చుంది. ఒక తెనాలి ఆవిడ పిల్లల సంగతి అడిగితే, లేరండీ అని చెప్పి అటు తిరిగింది. ఫోను సంచిలోంచి తియ్యలేదు. సుబ్బరామయ్య మూడుసార్లు మాట కదపబోయాడు. ఆమె కోప్పడి ఉంటే అతనికి ప్రాణం కుదుటపడేది.

మర్నాడు చెన్నై గట్టు కనపడుతుండగానే చుట్టూ ఫోన్లు మోగటం మొదలైంది. సామాన్లతో దిగే వరసలో నిలబడి ఉండగా రవి దగ్గర నుంచి వచ్చింది. హైమావతి ఎత్తింది. చానా బాగుందిరా అంది. తిండికేం ఇబ్బంది లేదంది. పిల్ల ఎట్టా ఉందని అడిగింది, పాలు సరిగ్గా తాగుతోందా అని అడిగింది. ఊఁ కొడుతూ విన్నది.

"ఇంకేమన్నా చెప్పేదుందా నాయనా?"

అవతల నుంచి ఏం వినపడిందో గానీ, ఆమె చివరిదాకా విన్నది. తర్వాత, సరే జాగ్రత్త అని పెట్టేసి మొగుడి వైపు చూసింది. ఏమీ తెలియని మనిషికి కబురు చెప్పినట్టు చెప్పింది.

"బారసాల మాఘంలో చేస్తారంట. మంచిరోజు చూసి చెబుతాడంట."

సుబ్బరామయ్య ఆమె చేతిలోని సంచి బరువుగా ఉందని అందుకోబోయాడు. హైమావతి సంచిని రెండో చేతికి మార్చుకుని, వరస కదలగానే అతనికంటే రెండడుగులు ముందుకు నడిచింది.