అడిగి తెచ్చిన పిండి

ఓడ రాకపోతే మా దీవిలో ఎవరూ చచ్చిపోరు. మేం ఆకలికి మాడిపోయామని రేపు ఎవరో వచ్చి జాలిపడకూడదని ముందే చెప్తున్నాను. సముద్రం నిండా చేపలున్నాయి, చెట్టున కొబ్బరికాయలున్నాయి, గోతుల్లో చేమదుంపలున్నాయి. మా తాతలు గోధుమపిండి మొహం చూడకుండానే పండుముసలివాళ్లయ్యారు. కానీ మేం తాతలం కాదుగా! పొద్దున్నే లేస్తే మాకు రొట్టె కావాలి, టీ కావాలి. రాజధాని తరావా నుంచి రావలసిన ఓడ ఇంజను పాడై అక్కడే కూలబడితే, మా కొట్టులో మొదట పంచదార అయిపోయింది, తర్వాత బియ్యం, ఆఖరికి పిండి. ఇదిగో బయల్దేరింది, అదిగో బయల్దేరింది అని రేడియోలో చెప్పేవాడి నోట్లో మన్ను పడ. వాడి మాట నమ్మి నేను చాలా పిండి దుబారా చేశాను.

మా వైపు రొట్టె కాల్చడంలో నాది అందెవేసిన చెయ్యి. గొప్పకి చెప్పడం లేదు. ఇనప పీపా ఒకటి అడ్డంగా పడుకోబెట్టి, సగం ఇసకలో పూడ్చి, కిందా పైనా కొబ్బరి డొక్కలు మండిస్తే అదే నా పొయ్యి. ఖాళీ మాంసం డబ్బాలే అచ్చులు. కొట్టు ఈస్టు అయిపోయినప్పుడు నేనేం బెంగపడలేదు. మా ఆయన కరోటు పొద్దునా సాయంత్రం చెట్టెక్కి పాటలు పాడుతూ కల్లు దించుతాడు. అది కాస్త పులిస్తే ఈస్టుకంటే మేలు. కల్లు పోసి పిసికి, గుడ్డ కప్పి, ఎండపొడలో పెడితే పిండి చెప్పినమాట వింటుంది. అసలు పిండే తగ్గుతున్నప్పుడు చేమదుంప తురిమి కలిపాను. సీమపనస ఉడికించి చిదిమి కలిపాను. డబ్బా అడుక్కి వచ్చేసరికి పిండి ఎంతో పురుగులూ అంతే. ఎండలో పరిచి, పాకేవాటిని పాకనిచ్చి, మిగిలింది రెండుసార్లు జల్లించి ఆఖరి రొట్టె కాల్చాను. ఆ తర్వాత పీపా చల్లారింది.

సరిగ్గా అప్పుడే మా తెబోరాకి జ్వరం వచ్చింది.

తెబోరా నా ఒక్కగానొక్క కూతురు. దానికి ఐదో ఏడు. జ్వరం తగ్గింది కానీ తిండి పోయింది. చేప చూస్తే వాంతి, దుంప చూస్తే ఏడుపు. కొబ్బరిపాలలో చేమదుంప గుజ్జు కలిపి బతిమాలి పెడితే అరచేత్తో తోసేసేది. "రొట్టె పెట్టమ్మా" అనేది. అదొక్కటే మాట. నర్సమ్మ వచ్చి దాని చెయ్యి పట్టుకు చూసి, "ఏది తింటే అది పెట్టు రూతా, ఇలా చిక్కిపోతే ఇంకో జ్వరం తట్టుకోదు" అని చెప్పి పోయింది. ఏది తింటే అది పెట్టాలట! ఓడలో పెట్టుకొచ్చావా తల్లీ అని అడగబోయి ఊరుకున్నాను.

పిండి దొరికే ఇల్లు ఒకటుందని నాకు తెలుసు. ఊరందరికీ తెలుసు. మా ఆడబిడ్డ రకేరా మొగుడు కొట్టు చూసుకుంటాడు. కొట్టులో అయిపోయినంత మాత్రాన ఇంట్లో అయిపోవాలని లేదు కదా. దీవి ఉత్తరపు కొసన వాళ్ల ఇల్లు. సైకిలు మీద పోతే అలసట కూడా తెలియదు.

ఆ గుమ్మం ఎందుకు తొక్కలేదంటే, మాలో ఒక పద్ధతుంది. దగ్గరివాళ్లు నోరు తెరిచి ఇది నాకు కావాలి అని అడిగితే లేదనకూడదు. బుబుసి అంటాం. చొక్కా అడిగితే ఒంటిమీది చొక్కా విప్పివ్వాలి, పడవ అడిగితే పడవ. ఇచ్చింది అప్పు కాదు, తీర్చే పని లేదు. వాళ్లకేం కావాలో వాళ్లు అడిగిన రోజున మనం కిమ్మనకుండా ఇవ్వడమే. లేదన్నవాణ్ని ఎవరూ తిట్టరు. ఊరంతా ఒక చూపు చూస్తుంది, అది చాలు. ఇక పిల్లల సంగతంటారా, పిల్లల్నీ అడుగుతారు. మా తోడికోడలి రెండోవాణ్ని ఆవిడ తల్లే అడిగి తీసుకుపోయి పెంచుకుంటోంది. అందులో వింతా లేదు, తప్పూ లేదు, అడిగింది మన బిడ్డని కానంతవరకు.

రకేరాకి పిల్లల్లేరు. తెబోరా పుట్టిన రోజునుంచీ దానిమీదే ఆవిడ కన్ను. వచ్చినప్పుడల్లా ఒళ్లో కూచోబెట్టుకుని నూనె రాసి జడలు వేసేది. "అచ్చం మా అమ్మ నుదురే" అనేది. అడిగేది మాత్రం కాదు. ఎందుకు అడగలేదో నాకు తెలుసు, అడిగే మొహం లేక. పెళ్లయినప్పటినుంచి నేను ఆవిడ దగ్గర ఉప్పుగల్లు కూడా అడగలేదు. ఆవిడ చాప అడిగితే చాప ఇచ్చాను, కోడిపెట్టనడిగితే గంపతో సహా ఇచ్చాను. ఇచ్చేచెయ్యి ఎప్పుడూ మాదే అవ్వాలి, అంతే. అర్ధమొగుడు ఆడబిడ్డ అంటారు. నాకు అసలు మొగుడితోనే చాలు, ఆ సగం అక్కడే ఉండనీ అనుకునేదాన్ని.

ఆ మాటే కరోటుకి చెప్పాను. "చూడు, మీ అక్క దగ్గరికి మాత్రం పోకు."

"పిల్ల పస్తుంటే నీకు పంతమా?" అన్నాడు.

"పంతం కాదయ్యా, భయం. ఇవాళ పిండి అడిగితే రేపు ఆవిడ ఏం అడుగుతుందో నీకు తెలీదా?"

"మా అక్కని అంత మాటనకు. నన్ను పెంచిన మనిషి. అడిగితే సంతోషంగా ఇస్తుంది."

"ఇస్తుంది! ఎందుకివ్వదూ? అందుకే వద్దంటున్నా."

"అడగందే అమ్మైనా పెట్టదే."

"అడిగితే అమ్మనే తీసుకుపోతారు కొందరు. నా మాట వినవయ్యా!"

తలూపాడు. మా ఆయన తలూపితే విన్నట్టు కాదు, వాదన ఇక చాలన్నట్టు. మర్నాడు వలకి పోతున్నానని సైకిలెక్కాడు. వలకి సైకిలెందుకని నాకు తట్టలేదు చూడండి, పిల్ల ఏడుపులో నా బుద్ధీ కొట్టుకుపోయింది. ఎండెక్కేసరికి తిరిగొచ్చాడు. సైకిలు వెనక తెల్లటి మూట. మొహం వెలిగిపోతోంది. యుద్ధం గెలిచొచ్చాడు మహానుభావుడు.

"చూశావా, సగం బస్తా ఇచ్చింది. ఒక్క మాట అనలేదు, పాపం!"

"ఒక్క మాట కూడా?"

"మేనకోడలికే కదా అంది. అంతే."

మూట తిరిగి పట్టుకుపొమ్మన్నాను, అరిచాను, నెత్తి కొట్టుకున్నాను. అడిగి తెచ్చింది వెనక్కిస్తే మొహాన కొట్టినట్టే, పరువు పోతుంది, అన్నాడు. అప్పటికే తెబోరా పడుకున్న మంచె మీంచి దిగి వచ్చి మూట పక్కన కూలబడి, గుడ్డ సందులో వేలు పెట్టి ఆ పిండి నాకుతోంది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. దాన్ని చూస్తూ ఇంకేం మాట్లాడతాను? కల్లు ముంత తెమ్మన్నాను.

ఆ రోజు కాల్చినంత మంచి రొట్టె నేను మళ్లీ కాల్చలేదు. పురుగు లేని పిండి, నలక లేని పిండి. నా కసంతా దానిమీదే తీర్చుకున్నాను, అంతలా పిసికాను. పీపా మూత తీసేసరికి వాసన ఊరి మొదటిదాకా పోయింది. పీల్చుకుంటూ ఒక్కొక్కరే వచ్చారు, పెదనాన్న కొడుకులూ, వాళ్ల పెళ్లాలూ, పూర్వం ఎన్నడూ మా గడప తొక్కని చుట్టాలూ. అడిగారు, ఇచ్చాం. తెబోరా మాత్రం రెండు చేతుల్తో రొట్టె పట్టుకుని, బుగ్గల నిండా కుక్కుకుని తింది. వాంతి కాలేదు. ఇంకో ముక్క అడిగింది. కరోటు నావైపు చూసి నవ్వాడు. నేనూ నవ్వాను. అబద్ధమెందుకు, ఆ ఒక్క పూట నాకు మనసు నిండింది.

పిల్ల కోలుకుని మళ్లీ ఇసకలో పరుగులు పెట్టడం మొదలెట్టాక రకేరా వచ్చింది. ఒక్కతే రాలేదు. మా మావగారి అన్న పెద్దమావని వెంటబెట్టుకుని, పెద్దపనికొచ్చినట్టు నడుముకి కొత్త చాప చుట్టుకుని, చిన్న గౌను ఒకటి కుట్టించుకుని వచ్చింది. ఆ గౌను చూడగానే నాకు అర్థమైపోయింది. కూచోబెట్టి కొబ్బరినీళ్లిచ్చాను. తాగింది. వాతావరణం, ఓడ, ఎవరి మోకాలి నొప్పో, అన్నీ అయ్యాయి.

"తమ్ముడూ," అంది చివరికి, "నేను నిన్నెప్పుడైనా పెద్దది అడిగానా?"

కరోటు నీళ్లు నమిలాడు. "లేదక్కా."

"ఇప్పుడడుగుతున్నా. నీ పిల్లని నాకివ్వు. నా ఇంట్లో దీపంలా చూసుకుంటా."

పొయ్యి దగ్గర నిలబడ్డదాన్ని నేను. ఆగలేకపోయాను. "పిండి ఇచ్చి పిల్లని అడుగుతావా వదినా? ఇదేం బేరం?"

పెద్దమావ చటుక్కున తలెత్తాడు. "ఏమే రూతా, నోరు జారకు. బేరమంటావా? ఎవరైనా బేరమాడారా ఇక్కడ?"

"అయ్యో, పిండి మాట నేనెత్తానా పెదనాన్నా?" అంది రకేరా, కళ్లలో నీళ్లు. నిజంగానే నీళ్లు. అది నటన అయుంటే నాకు సుఖంగా ఉండేది. "ఆ పిండి దానికోసమే ఇచ్చాను, అది తిని బతికింది, నాకంతే చాలు. నువ్వు కాదంటే పోతాను రూతా. కాదని చెప్పు."

అదీ దెబ్బ. కాదని చెప్పు, అంది. అందరూ నన్నే చూశారు. నేను మా ఆయన్ని చూశాను. నా జన్మలో ఒక మనిషిని అంతలా కళ్లతో బతిమాలడం అదొక్కసారే. ఆయన నేల చూశాడు. వేలితో ఇసకలో గీతలు గీశాడు, చెరిపాడు, మళ్లీ గీశాడు.

"సరే అక్కా," అన్నాడు.

తెబోరాకి గౌను తొడిగారు. ఏడుస్తుందనుకున్నాను. ఏడిస్తే గుండెకి హత్తుకుని, చూశారా, ఇది రానంటోంది అని అరుద్దామనుకున్నాను. అది గౌను అంచు పట్టుకుని చూసుకుని, "అత్తా, మీ ఇంట్లో ఇంకా పిండి ఉందా?" అని అడిగింది.

"బోలెడుంది, బంగారూ."

"అయితే పద," అంది. సైకిలు మీద ముందు కూచుని వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చెయ్యి కూడా ఊపింది.

కరోటుతో నేను చాలాకాలం మాట్లాడలేదు. చెట్టెక్కేవాడు, పాట పాడేవాడు కాదు. ఒకసారి మాత్రం, "నువ్వు అలా చూస్తే నేనేం చెయ్యను, అడిగింది మా అక్క" అన్నాడు. "ఆ కల్లు తాగి చావు" అన్నాను. పోయి మళ్లీ అడగొచ్చు కదా అని మా అమ్మ అంది. మతిపోయి అంది. ఇచ్చినదాన్ని తిరిగి అడగడం మాలో లేదు. లేదనడం కన్నా నీచం అది.

ఆ తర్వాత ఓడ వచ్చింది. రాక ఎక్కడికి పోతుంది, దాని మొహం మండ! బస్తాల మీద బస్తాలు దించారు. కొట్టు ముందు జనం నవ్వులు, కేకలు. నేను నిండు బస్తా ఒకటి కొని, సైకిలు మీద వేసుకుని ఉత్తరపు కొసకి తొక్కాను. ఏం అనుకుని వెళ్లానో సరిగ్గా చెప్పలేను. ఆ పిండి ఆవిడ ముందు పడేస్తే ఏదో తెగిపోతుందనుకున్నాను.

రకేరా బయటికొచ్చి బస్తాని చూసింది. "ఇదేంటి?"

"నీ పిండి. అంతకు రెండింతలు."

"పిచ్చిదానా, నేను అప్పిచ్చానా? ఎవరైనా చూస్తే నవ్విపోతారు. తిరిగి తీసుకుపో. ముందు లోపలికొచ్చి కూచో, చెమటలు పట్టాయి." మాటలో వెటకారం లేదు. అదే నన్ను కాల్చింది.

చాప మీద కూచున్నాను. తెబోరా లోపల్నుంచి వచ్చింది. ఒళ్లు చేసింది, జడలు మెరుస్తున్నాయి. నా ఒళ్లోకి దూకుతుందని చేతులు చాచబోయాను. దాని చేతిలో పళ్లెముంది, పళ్లెంలో రొట్టె. ఒలక్కుండా జాగ్రత్తగా టీ గ్లాసు కూడా తెచ్చి పెట్టింది. ఎదురుగా మఠం వేసుకుని కూచుని, వచ్చినవాళ్లకి విసిరినట్టు అరచేత్తో ఈగల్ని తోలడం మొదలెట్టింది. మర్యాదలు బాగా నేర్పిస్తున్నారు.

"తిను. అమ్మ చేసింది," అంది.

రకేరా గుమ్మం దగ్గర తల దించుకుంది. నేను తిన్నాను. పొంగని రొట్టె, లోపల పచ్చి, బయట మాడు. గొంతు దిగడానికి టీ తాగాల్సివచ్చింది.

"బాగుందా?"

"చాలా బాగుందమ్మా."

అది సంతోషంతో ముందుకి వంగింది. "ఇంకోటి కావాలా? నీకేం కావాలన్నా అడుగు. మా ఇంట్లో లేదనరు."

ఆ మాట నా నోటిదాకా వచ్చింది. రకేరా ఊపిరి బిగబట్టడం నాకు వినపడింది.

"వద్దు తల్లీ," అన్నాను, "కడుపు నిండిపోయింది."