ఒడిలో ఆగిన గిన్నె

శనివారం పొద్దుగూకే వేళకు ప్రభు బల్ల గిన్నె తోమే పని నాది. బూడిదతో తోమి, చింతపండుతో రుద్ది, కడిగి తుడిచి పెట్టాలి. ఎండుద్రాక్ష నానబెట్టి, ఆదివారం ఆ గిన్నెలో అందరూ తాగే రసం పిండేదీ నేనే, గుడి ఊడ్చి చాపలు పరిచేదీ నేనే. మా ఆయన ఏబేలు ఉపదేశి, గుడిలో వాక్యం చెప్పేది ఆయన. మిషన్ వాళ్ళు జీతమిచ్చేది ఆయనకు. "అంచు బాగా తోమవే ఎలీషబా, అందరి నోళ్ళూ తగిలే చోటు" అని అరుగు మీద నుంచే చెప్పేవాడు.

మా పల్లెకు ఆ గిన్నె అంటే ప్రాణం. గిద్దలూరు పోతే శెట్టి దుకాణం ముందర మేము వంగి దోసిలి పట్టాలి. చెంబు మా చేతికి తగలకుండా పైనుంచి నీళ్ళు పోస్తారు. మా అత్త గురమ్మ బాప్తీస్మం తీసుకున్ననాడు ఆ గిన్నె నోటికి ఆనించుకుని ఏడ్చిందట. "నేను తాగినాక మిషన్ దొరసాని తాగిందే! అంచు తుడవను కూడా లేదు" అని కనపడినవాళ్ళకల్లా చెప్పుకునేది.

జర్మనీ యుద్ధం అయిపోవచ్చిన ఏడు, రైలు దిగినవాళ్ళ వెంట కొత్త జ్వరం వచ్చింది. పొద్దున కలుపుకు పోయిన మనిషి సాయంత్రానికి మంచం పట్టేది. ఆసుపత్రి నర్సమ్మ వచ్చి, దగ్గేవాళ్ళ ముంత వేరే పెట్టమనీ, ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకోమనీ, గుంపుగా కూడొద్దనీ చెప్పిపోయింది. మగవాళ్ళు విని లేచిపోయినారు. చేసేది మేము కదా. నేను గుడ్డ కట్టుకుని ఇంటింటికీ గంజి మోస్తుంటే అత్త వీధిలో నిలబడి అరిచింది.

"ఏందే ఈ వేషం? శెట్టి పెట్టిన దూరం చాల్లేదా, నువ్వు కూడా పెడుతున్నావు? రా శెట్టెమ్మా, మడి కట్టుకుని రా!"

అందరూ నవ్వినారు. గుడ్డ కింద నా మొహం ఎవరికీ కనపడలేదు, అదొక్కటే మేలు.

ఆ శనివారం మా ఆయన దగ్గడం మొదలుపెట్టినాడు. గిన్నె తోముతూనే అడిగినాను. "ఏమయ్యా, రేపు గిన్నె తిప్పొద్దు. ఎవరి ముంత వాళ్ళు తెచ్చుకుంటారు, అందులో పొయ్యి."

ఆయన చప్పున నా వైపు తిరిగినాడు. "పొయ్యాలా? పైనుంచా? ఆ దుకాణం కాడ పోసినట్ల? ఆ మాట నీ నోట ఎట్ల వచ్చిందే?"

ఆయన కళ్ళలో నీళ్ళు. దోసిలి పట్టింది ఆయనొక్కడేనా? నిండు కడుపుతో కూడా నేను ఆ దుకాణం ముందు వంగి తాగినాను. ఆ నొప్పి నాకు తెలియదని ఆయన ఎట్ల అనుకున్నాడో. ఇన్నేళ్ళు ఒక్క ఇంట్లో ఉండి, అవమానం కూడా ఆయనదే, నాది కాదు అన్నట్లు మాట్లాడినాడు.

ఆదివారం ముందుగా ఆయనే తాగినాడు, పక్కకు తిరిగి దగ్గినాడు, గిన్నెను మగవాళ్ళకిచ్చినాడు. వరసంతా తిరిగి అది ఆడవాళ్ళ చాపల మీదికి వచ్చింది. మొదట నా చేతికి. నా పక్కన అత్త, ఆమె పక్కన పొరుగింటి కోడలు, నెలలు నిండిన యేసుమణి. గిన్నె అంచు తడిగా ఉంది. నేను తాగలేదు. ఒడిలో పెట్టుకుని పైట కప్పినాను.

"ఇయ్యవే" అంది అత్త.

ఇయ్యలేదు. మగవాళ్ళ వైపు నుంచి ఎవరో గట్టిగా గొంతు సకిలించినారు. మా ఆయన నా వైపు చూడకుండా పాట ఎత్తుకున్నాడు. దగ్గు దానిని సగంలోనే తెంపింది.

ఆ వారం మగవాళ్ళు వరసగా జ్వరంతో పడినారు. తర్వాత వాళ్ళకు చాకిరీ చేసిన ఆడవాళ్ళు. యేసుమణిని మాత్రం పుట్టింటివాళ్ళు ముందే తీసుకుపోయినారు, ఆమెకు రాలేదు. మా ఆయన ప్రాణం పోయే ముందు "గిన్నె కడిగినావా?" అన్నాడు. "కడిగినాను" అన్నాను. కోపంతో అడిగినాడో, ఇంకెట్ల అడిగినాడో ఈనాటికీ తెలియదు.

"నువ్వు గిన్నె ఆపినావు, దేవుడు నా కొడుకును తీసుకున్నాడు" అంది అత్త. కొడుకును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషి, ఆమెకూ తగులుకుంది. వేరే ముంతలో నీళ్ళు తీసుకుపోతే అందుకోలేదు. కష్టపడి లేచి కూర్చుని దోసిలి పట్టింది.

"పొయ్యి శెట్టెమ్మా. పైనుంచి పొయ్యి."

ఆ దోసిలిని మెల్లగా విడదీసినాను. ఆమె తల నా ఒళ్ళోకి తీసుకుని ముంత పెదవికి ఆనించినాను. తాగింది. తాగినాక నా కళ్ళల్లోకి చూసి, "ఏడ్చి ఏడ్చి గుడ్డ తడిపేసుకున్నావు, మార్చుకో పో" అంది. ఆమె కూడా దక్కలేదు.

కొత్త ఉపదేశి ఇంకా రాలేదు. శనివారం గిన్నె తోమి, గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టినాను. బైబిలు చదవడానికి అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. అయినా ముక్కుకు గుడ్డ కట్టుకుని ఒక్కో గడప ముందూ ఆగినాను.

"రేపు గుడి ముందర చెట్ల కింద దూరదూరంగా కూచుందాం. ఎవరి ముంత వాళ్ళు తెచ్చుకోండమ్మా. రసం నేను పోస్తాను. పైనుంచి కాదు, మీ ముంతకు నా చెంబు తాకించి పోస్తాను."