ఎడమ చేతి మందు

ఎడమ చేతికి డాక్టరు మందు, కుడి చేతికి పాత మందు. పిల్లలంతా పెద్దమ్మ అని పిలిచే నర్సు మందును వేళ్ళ మధ్య వెచ్చచేసి, పిచుక అని ముద్దుపేరున్న పాప మోచేతి మడతలో పూస్తోంది. ఐదేళ్ళ పిచుక ఎడమ చెయ్యి వెనక్కి లాక్కుంది. అయినా పెద్దమ్మ వదల్లేదు. పిల్లల చర్మవ్యాధుల వార్డులో ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆవిడ పని ఇదే: స్నానం చేయించడం, ఒళ్ళు పూర్తిగా ఆరకముందే మందు పూయడం, గోళ్ళు కత్తిరించడం. ఈరోజుతో ఆవిడ రిటైరవుతోంది.

ఎగ్జిమాకు, అంటే ఒంటిమీది దురద పుండ్లకు, వార్డు డాక్టరు సొంతంగా ఒక మందు తయారుచేసి, పాతదానితో పోల్చడానికి పిల్లల ఎడమ చేతులకు మాత్రం పూయిస్తున్నాడు. పిల్లల రెండు చేతులూ సమానంగా మానుతుంటే, తన మందు పాతదానికి ఏమాత్రం తీసిపోదని కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. పెద్దమ్మ ఉండబట్టలేక ఒకసారి అనేసింది.

"పిల్లలు చేతులు ముడుచుకుని పడుకుంటారండీ. కుడి చేతి మందే ఎడమ చేతికీ అంటుతోంది."

తల్లులందరి ముందూ ఆయన నవ్వాడు. "పూసే చేతికి బుర్రెందుకు సిస్టరమ్మా? మీరు పూయండి, చాలు."

ఆ మాట ఆవిడ మనసులో గుచ్చుకుంది. పాత దుప్పటి చింపి రెండు తొడుగులు కుట్టి, రెండు మందులూ కలవకుండా పిచుక చేతులకు వేసింది. డాక్టరు వాటివంక చూడనైనా లేదు. నాలుగో రోజుకు ఎడమ చెయ్యి ఎర్రబడింది. ఎనిమిదో రోజుకు రసి కారింది. పాత మందు పూస్తే తగ్గిపోతుందని ఆవిడకు తెలుసు. పసిదాని చెయ్యి అడ్డం పెట్టుకుని పగ తీర్చుకుంటున్నాననీ తెలుసు. పెద్ద డాక్టర్లు మందును పరీక్షించడానికి వచ్చేది ఇంకో రెండు రోజుల్లోనే కదా అని మనసు రాయి చేసుకుంది.

ఈరోజు పదకొండింటికి ఆ పెద్ద డాక్టర్లు నలుగురు వచ్చారు. డాక్టరు గొప్పగా చెప్పుకుపోతుండగా పెద్దమ్మ తొడుగులు విప్పింది. కుడి చెయ్యి నున్నగా ఉంది. ఎడమ చెయ్యి పచ్చిపుండు.

"ఈ తొడుగులు ఎవరు వేశారు?" అన్నారు వాళ్ళలో పెద్దాయన.

"నేనేనండీ. మందులు కలిసిపోతున్నాయని చెబితే ఈయన నవ్వారు."

డాక్టరు ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ మందు ఆ క్షణం నుంచే ఆపేయమన్నారు పెద్దాయన.

పెద్దమ్మకు కడుపు చల్లబడింది; అబద్ధం ఎందుకు? అందరూ వెళ్ళాక పిచుక చెయ్యి ఊదుకుంటూ అడిగింది.

"పెద్దమ్మా, ఈ చెయ్యి ఏం తప్పు చేసింది?"

ఆవిడ పాత మందు డబ్బా దగ్గరికి లాక్కుంది. "దానిది కాదు తల్లీ, తప్పు నాది," అంది.

ఎడమ చేతికి పాత మందు పూసి, పిచుక నిద్రపోయేదాకా ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సాయంత్రం తోటి నర్సులు వీడ్కోలు చెప్పడానికి వచ్చేసరికి ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయింది. పిచుక దిండు పక్కన ఆవిడ మరిచిపోయిన కళ్ళజోడు ఉంది, రెండు అద్దాలకూ కన్నీటి మరకలూ మందు జిడ్డూ.