రెండో రిమోటు

ముప్పై ఆరే సరి, ముప్పై అయిదుకు దించితే పోగును కొట్టి బిగించే పలక తొందరపడతాది, ముప్పై ఏడుకు పోతే మగ్గం నిద్రపోయినట్టుంటాది, తెర మీద ముప్పై ఆరు బొమ్మలు మారేలోపల పోగు మోసే నాడె ఆ పక్కకు పోయి రావాల, పలక పడాల, పోగు పోగుకు అతుక్కోవాల, అనుకుంటానే లక్ష్మప్ప ఎమ్మిగనూరు బస్టాండులో ఆదోని బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు, ఒళ్లో సంచి, సంచిలో పాత లాప్‌టాపు, తువ్వాలలో చుట్టిన గేమ్ క్యాసెట్టు, చిన్నప్పుడు టీవీకి తగిలించి ఆడిన నల్ల డబ్బాలో పెట్టే క్యాసెట్టే, పాతదాన్ని విప్పి చిప్పు పీకి, రెండేండ్లు కూర్చొని తాను రాసిన మగ్గం ఆటను ఇంకో చిప్పులోకి ఎక్కించి, టంకం పెట్టి అతికించినాడు, కంప్యూటర్లో వంద సార్లు ఆడినాడు, అసలు డబ్బాలో, అసలు టీవీలో ఒక్కసారీ ఆడలేదు, ఆ డబ్బా తమ్ముడు బాలు దగ్గర ఉంది, బాలు ఆదోనిలో టీవీలు బాగుచేస్తాడు, బాలూ తానూ పక్కపక్కన కూర్చొని పదకొండేండ్లయింది.

నలభై మూడేండ్లొచ్చినాయి, తమ్ముని దగ్గరికి ఆట సామాను ఎత్తుకొని పోతాండావు, గోలీలు గూడా ఏసుకో జోబులో, అనింది పొద్దున భార్య శోభ, అంటానే నువ్వులద్దిన సజ్జరొట్టెలు కట్టి సంచిలో పెట్టింది, అవి ఎవరికిష్టమో ఆమె చెప్పలేదు, తానూ అడగలేదు, కిటికీ బయట పత్తిచేలల్లో ఆడోళ్లు వంగి ఉన్నారు, ముందు పోయే లారీ నుంచి దూది పింజలు ఎగిరొచ్చి అద్దానికి అతుక్కుంటున్నాయి, ఇల్లు విడిచిపోయిన రోజు బాలు ఎత్తుకపోయింది ఆ నల్ల డబ్బా ఒక్కటే, రెండు రిమోట్లూ చుట్టి చంకలో పెట్టుకొని, చెప్పులేసుకొని, మగ్గం మీద చీర సగంలో ఉండగా, ఆ చీర అంచు ఒక రంగు, నడుమ ఒక రంగు, అంచుకు వేరే నాడె, దాన్ని అందుకొని తిరిగి పంపడానికి నేసేవాని కుడిపక్కన ఇంకో మనిషి ఉండాల, ఆ మనిషి బాలు, తొమ్మిదో ఏట ఆడ కూర్చున్నాడు, ఇరవై ఏడో ఏట లేచిపోయినాడు, ఒక్కని చేతిలో అది సాగక లక్ష్మప్పే కత్తెర పెట్టి పడుగు కోసినాడు, కర్ కర్ మని ఆ చప్పుడు ఇప్పుడు కూడా పళ్లల్లో ఉంది, ఆ సగం చీర మీది గోపురాల అంచునే గళ్ల కాగితం మీద చుక్క చుక్కా ఎక్కించుకొని ఆటలో పెట్టినాడు, ఎక్కడ కోసినాడో అక్కడి నుంచే ఆట మొదలయ్యేటట్టు.

పాత డబ్బాలకు ఇట్ల గేములు రాసుకునేవాళ్లు ఇంటర్నెట్టులో ఒక చోట చేరి మాట్లాడుకుంటారు, పదో తరగతి చదువుతో తెలియనిదంతా వాళ్లనే అడిగి నేర్చుకున్నాడు, పోలండు ఆయన ఒకడు ఎంతో సాయం చేసి, నీ ఆట బాగుంది గానీ ఇద్దరుంటేనే కదులుతుందంటే ఎవరాడతారయ్యా, ఒక్కరు ఆడేటట్టు కూడా మార్చు, అని మూడు సార్లు రాసినాడు, లక్ష్మప్ప వచ్చీరాని ఇంగ్లీషులో మూడు సార్లూ ఒకే జవాబు రాసినాడు, ఈ మగ్గానికి ఇద్దరు, అని, మార్చేది లేదు, బాలు రెండో రిమోటు పట్టుకోవాల, పట్టుకోకుంటే ఆ చిప్పు ఆదోనిలోనే పారేసి రావాల, మళ్లీ రాసేది లేదు, ఇట్ల అనుకొనే బస్సు దిగినాడు, ఉగ్గాని టిఫిను బండి దగ్గర కూడా ఆగలేదు, ఆగితే వెనక్కి పోబుద్ధి అయితాదని.

అంగట్లో బాలు ఒక టీవీ వీపు విప్పుకొని కూర్చున్నాడు, తలెత్తినాడు, వదిన ఫోన్ చేసింది, గోలీలాటేదో తెస్తాండావంట గదా, అన్నాడు, ముఖంలో నవ్వు లేదు, లక్ష్మప్ప తువ్వాల విప్పి క్యాసెట్టు ఇచ్చినాడు, బాలు దాన్ని తెరిచి దీపం కింద పెట్టి చూసినాడు, ఎవురు పెట్టినారన్నా ఈ టంకం, నేనే, అన్నాడు లక్ష్మప్ప, పెండ పూసినట్టుండాది, పనిచేస్తాదిలే, డబ్బాలో పెట్టేముందు చిన్నప్పటి మాదిరే లక్ష్మప్ప దాని మూతిలో ఊదబోతే బాలు చటుక్కున లాక్కున్నాడు, ఊదొద్దు, ఎంగిలికి తుప్పు పడతాది, తెలీక ఊదినాం అన్నేండ్లు, అని దూదికి స్పిరిట్టు అద్ది తుడిచి, అరలోని నల్ల డబ్బాలో పెట్టినాడు, తెర వెలిగింది, గోపురాల అంచు వచ్చింది, బాలు దాన్ని గుర్తుపట్టినాడు, చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది, నువ్వాడన్నా, నేను చూస్తా, ఒక్కనితో కదలదు, ఎందుకు కదలదు, అట్లే రాసినా, బాలు గల్లాపెట్టె మీదున్న రెండో రిమోటు చూసినాడు, బయట ఆటో పోయింది, ఇంకో ఆటో పోయింది, చేతులు ప్యాంటుకు తుడుచుకొని దాన్ని తీసుకున్నాడు.

తీసుకున్నాడు, అదే చాలనుకున్నాడు లక్ష్మప్ప, మీట నొక్కినాడు, నాడె పోయింది, కానీ ఇదేంది, ఇది తన మగ్గం కాదు, ఎవరో ముసలాయన నేస్తున్నట్టుంది, నాడె పోతా ఉంది, ఇంకా పోతా ఉంది, వేలు ఆగలేక పలక వేసినాడు, పోగు తెగింది, మళ్లీ వేసినాడు, మళ్లీ తెగింది, వంద సార్లు ఆడిన ఆట మొదటి గోపురం కూడా దాటలేదు, చెవులు వేడెక్కినాయి, నీ కంప్యూటరు సెకనుకు అరవై బొమ్మలు గీస్తాదన్నా, ఈ డబ్బా, ఈ టీవీ యాభయ్యే గీస్తాయి, అందుకే మెల్లగయింది, లెక్క మార్చుకుంటే సరిపోతాది, అన్నాడు బాలు, మెకానిక్కు చెప్పినట్టు చెప్పినాడు, సరిపోతాది, ముప్పై ఆరును ముప్పై చేస్తే చాలు, తన చెయ్యి వేగం తనకొస్తాది, పేటలో లక్ష్మప్ప చెయ్యి మాదిరి చెయ్యి లేదని నాయన గోవిందయ్య వచ్చినోళ్లకంతా చెప్పిన వేగం, లాప్‌టాపు తెరిచినాడు, ఆ లెక్క రాసిన వరుస దొరికింది, ముప్పై ఆరును చెరిపేయబోతాంటే, ఇంకోటన్నా, అన్నాడు బాలు తెరనే చూస్తా, నువ్వు ముందే కొడతాండావు.

నువ్వు ముందే కొడతాండావు, ఇదే మాట, ఇదే గొంతు, కోపం లేదు, గుంత మగ్గం కుడిపక్క నుంచి, బాలు పన్నెండో ఏట, ఇరవయ్యో ఏట, నీ ధ్యాస టీవీ మీదుండాది, చెయ్యి తియ్‌రా అని తానన్న జవాబు, ఇల్లు విడిచిన రోజు పలక పడింది పోగు మీద కాదు, బాలు ఉంగరం వేలు మీద, బాలు వేలును నోట్లో పెట్టుకొని లేచినాడు, అదే పోవడం, పదకొండేండ్లూ తాను అనుకున్నది వేరే, మగ్గం పని చిన్నతనమై పోయినాడు, ఆదోని మోజులో పోయినాడు, శోభతో కూడా అదే చెప్పినాడు, ఇప్పుడు రిమోటు మీద ఆ వేలు కనబడుతోంది, పైన గణుపు దగ్గర పక్కకు వంగి, మీట మీదికి సరిగా ఆనక, నడిమి వేలు దానికి సాయమొచ్చి నొక్కుతోంది, అట్ల నొక్కి కూడా ఈ యాభై బొమ్మల టీవీలో బాలు ఒక్క పోగూ తెంపలేదు, తెంపిందంతా తానే, ముప్పైకీ ముప్పై ఆరుకూ నడుమ ఆరు బొమ్మలు, కండ్లు ఒకసారి మూసి తెరిచేంత సేపు, ఆ చెయ్యి బయటికి రావడానికి అంతే కావాల్సింది, పద్దెనిమిదేండ్లు పక్కన కూర్చోబెట్టుకొని అంత సేపు ఇవ్వలేదు, ఈ రెండేండ్లూ కంప్యూటర్లో ఇద్దరి ఆటా తానొక్కడే ఆడినాడు, కుడిచేతిని బాలు అనుకొని, అది తన చెయ్యేగదా, ఎడమచెయ్యి ఎప్పుడు కొడతాదో దానికి ముందే తెలుసు.

ముప్పై అని రాయలేదు, ముప్పై ఆరును కూడా ఉంచలేదు, ఆ వరుసంతా చెరిపేసినాడు, ఏం చేస్తాండావు, అన్నాడు బాలు, లెక్క తీసేస్తాండా, పలక ఎప్పుడు పడాలో లెక్క లేకుంటే దానికెట్ల తెలుస్తాది, లక్ష్మప్ప కొత్త వరుస రాసినాడు, రెండో రిమోటు నుంచి జవాబు వచ్చేదాకా పలక కదలగూడదు, ఎంత సేపయినా సరే, నువ్వు పంపినాక పడతాది, అన్నాడు, బాలు టంకం కడ్డీకి కరెంటు పెట్టినాడు, చిప్పు నేను పీకుతా ఇయ్యి, మళ్లీ నువ్వే అతికిస్తే చూడలేను, అని, సంచి వైపు తల తిప్పి, సజ్జరొట్టె వాసనొస్తాంది, అన్నాడు, ముందు తిందాం పా అనబోయి లక్ష్మప్ప ఆగినాడు, బాలు చెయ్యి సంచిలోకి పోయి, రొట్టెల మూట పట్టుకొని, బయటికి వచ్చేదాకా ఆగినాడు.