కదలకుండా ఐదు నిమిషాలు

“నా టవలెక్కడ?” అనే మాట బరువెంతో ఆ ఇంట్లో తొలిసారి లెక్క తేలింది. పద్నాలుగు పాయింట్లు. అసలు వారం మొదలుకాక ముందు, మిషను పనిచేస్తోందో లేదో చూద్దామని కూతురు పెట్టిన ఉత్తుత్తి పరీక్ష అది. ప్రశాంతంగా కూర్చున్నప్పుడు తల్లి బీపీ నూట ఇరవై రెండు. స్నానాలగదిలోంచి భర్త కేక వినబడితే లేచి వెళ్ళి, బయట గొళ్ళేనికే తగిలించి ఉన్న టవల్ తీసి, తలుపు సందులోంచి అందించి, మళ్ళీ వచ్చి కూర్చుంటే నూట ముప్పై ఆరు. కూతురు నోటు పుస్తకంలో రెండు అంకెలూ రాసి, మధ్యలో బాణం గీసి, దాని మీద “టవల్” అని రాసింది.

ఆ కూతుర్ని ఇంట్లో అందరూ గుప్పెడు అంటారు. పుట్టినప్పుడు పదమూడు వందల గ్రాములు. పురుళ్ళ వార్డులో ఆయా చేతిలోకి తీసుకుని, “ఇది గుప్పెడు కూడా లేదే తల్లీ” అంది. ఆ పేరే నిలిచిపోయింది. ఇప్పుడు గుప్పెడికి పదకొండేళ్ళు. తల్లి భుజం దాటింది. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం.

గుప్పెడు కడుపులో ఉండగా, ఏడో నెల చివర్లో తల్లికి చేతులూ మొహమూ ఉబ్బిపోయాయి. కళ్ళ ముందు మిణుగురులు తిరిగాయి. బీపీ నూట డెబ్బై దాటింది. తల్లో పిల్లో అనే పరిస్థితి రాకముందే ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. అదే ఆసుపత్రిలో అలాంటి తల్లుల్నీ వాళ్ళ పిల్లల్నీ కలిపి ఒక పరిశోధన మొదలుపెట్టారు. కడుపుతో ఉన్నప్పుడు తల్లికి పెరిగిన బీపీ, పిల్లల గుండె మీదా రక్తనాళాల మీదా పెద్దయ్యాక కూడా ఏమైనా ముద్ర వేస్తుందా అన్నది వాళ్ళ ప్రశ్న. ఆమె ప్రశ్న కూడా అదే. కాకపోతే వాళ్ళు వందలమంది పిల్లల గురించి అడుగుతారు, ఆమె ఒక్క పిల్ల గురించి అడుగుతుంది, అంతే తేడా. గుప్పెడు మెట్లెక్కి కాస్త ఆయాసపడినా ఆమె గుండె ముందు కొట్టుకుంటుంది.

ఇంట్లోవాళ్ళకి మాత్రం పరిశోధనతో పనిలేదు. వాళ్ళకి జవాబు పదకొండేళ్ళ క్రితమే తెలుసు. “ఆ కళ్ళజోళ్ళ షాపులో ఉద్యోగం మానమంటే మానావా?” అన్నాడు భర్త. “అటక మీంచి అంత పెద్ద డబ్బా దింపిందండీ, కడుపుతో ఉన్న మనిషి!” అని అత్తగారు వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ చెప్పింది. దింపమన్నది ఎవరో మాత్రం చెప్పలేదు. “అది డబ్బా వల్ల కాదమ్మా, మాయ సరిగ్గా నాటుకోకపోవడం వల్ల, నువ్వు చేసిందేమీ లేదు” అని పెద్ద డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పినా, ఆ మాట ఆసుపత్రి గేటు దాటి ఇంటిదాకా వచ్చేసరికి ఆవిరైపోయేది. అందుకే ఏడాదికోసారి జరిగే ఆ పరీక్షల రోజంటే ఆమెకి ఎంతో ఇష్టం. రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతారు, ఎన్నిసార్లు లేస్తారు, మీరు ఎలా ఉన్నారు అని అక్కడ కాగితం మీద అచ్చేసి మరీ అడుగుతారు. ఆమెని ఇంకెవరడిగారు గనక?

ఈ ఏడు మాత్రం ఒక మెలిక పెట్టారు. తల్లి, తండ్రి, పిల్ల ముగ్గురూ ఏడు రోజులపాటు పొద్దున్న ఇంట్లోనే బీపీ చూసుకుని రాసుకురావాలి. చూసుకునే ముందు ఐదు నిమిషాలు కుర్చీకి ఆనుకుని, కాళ్ళు నేలకి ఆనించి, మాట్లాడకుండా, కదలకుండా కూర్చోవాలి. మధ్యలో లేస్తే ఆ రోజు లెక్కలోకి రాదు. ఏడు రోజులూ నిండిన కుటుంబాల పిల్లలకే కొత్త మిషను మీద గుండె స్కాన్ చేస్తారు. నిండనివాళ్ళని ఈ విడత నుంచి తీసేస్తారు.

“పిల్ల గుర్రంలా ఉంది, స్కానెందుకే?” అంది అత్తగారు.

“నాకోసం అత్తయ్యా,” అంది ఆమె. వారంలో ముప్పై ఐదు నిమిషాలు. అదేమన్నా బ్రహ్మవిద్యా అనుకుంది.

బ్రహ్మవిద్యే అయింది. కాగితంలో చివర “అంతరాయం కలిగితే కారణం” అని ఒక గడి ఉంది. టైము చూడటం, రాయడం గుప్పెడు పని. మొదటి రోజు, రెండో నిమిషంలో: నాన్న స్కూటర్ తాళం అడిగారు. తాళం నాన్న జేబులో ఉంది. రెండో రోజు, నాలుగో నిమిషంలో: కాఫీలో చక్కెర చాల్లేదని నానమ్మ అంది. మూడో రోజు, షాపు ఓనరు ఫోను చేసి, “అమ్మాయ్, ఆ నల్ల ఫ్రేములు ఏ డ్రాయర్లో పెట్టావ్?” అన్నాడు. నలభయ్యో ఏట అడుగుపెట్టినా ఆయనకి ఆమె అమ్మాయే. పద్నాలుగేళ్ళుగా ఆ ఫ్రేములు ఆ డ్రాయర్లోనే ఉన్నాయి. నాలుగో రోజు ఎవరూ పిలవలేదు, ఆమే లేచింది. ఎందుకమ్మా అంటే, “ఏమో, ఎవరూ పిలవడంలేదేంటా అని భయమేసింది” అంది. గుప్పెడు అది కూడా రాసింది.

వారం తిరిగాక ముగ్గురూ ఆసుపత్రికి వెళ్ళారు. పిల్ల కాగితం నిండుగానే ఉందని చూసి పక్కన పెట్టి, నర్సు తండ్రి కాగితం తీసింది. “అబ్బ, ఏడు రోజులూ నిండాయి! నూట పద్దెనిమిది, నూట పదహారు, నూట పద్దెనిమిది. ఎంత నిలకడండీ మీకు!”

“మనం మొదట్నుంచీ అంతేనండి. మనసు మన చేతిలో ఉండాలి,” అన్నాడు ఆయన, చొక్కా కాలరు సర్దుకుంటూ. “మా ఆవిడకే కాస్త కంగారు ఎక్కువ.”

నర్సు నవ్వుతూ కాగితం చివరికంటా చదివింది. ఆయన గడుల్లో కూడా గుప్పెడు ఏదో రాసింది. నర్సు పైకి చదవడం మొదలుపెట్టింది. “అంతరాయం లేదు. నానమ్మ వస్తుంటే అమ్మ గుమ్మంలో ఆపింది. అంతరాయం లేదు. ఫోను మోగకుండా అమ్మ వంటింట్లోకి తీసుకుపోయింది. అంతరాయం లేదు. అమ్మ మిక్సీ ఆపేసింది. అంతరాయం లేదు. కాలింగ్ బెల్ మోగేలోపు అమ్మ గేటు దగ్గరికి పరిగెత్తింది...”

“ఇవన్నీ రాయాలా?” అన్నాడు ఆయన గొంతు తగ్గించి.

“గడి ఉంది కదా నాన్నా, ఖాళీగా వదిలేస్తే మార్కులు పోతాయేమోనని,” అంది గుప్పెడు.

పెద్ద డాక్టరమ్మ ఆ కాగితం తీసుకుని రెండుసార్లు చదివింది. తర్వాత బీరువాలోంచి పెద్ద కట్ట తీసి బల్ల మీద పెట్టింది. “నెలరోజులుగా నాకు అర్థంకాని విషయం ఇదేనమ్మా. నాన్నల కాగితాలన్నీ నిండుగా వస్తున్నాయి. అమ్మలవే సగం సగం. అమ్మలకి శ్రద్ధ లేదేమోనని మావాళ్ళు అంటున్నారు. పదకొండేళ్ళు ఒక్క ఏడు కూడా తప్పకుండా పిల్లల్ని తీసుకొచ్చినవాళ్ళకా శ్రద్ధ లేనిది? తప్పు మాదే. ఐదు నిమిషాలు కూర్చోమని రాశాం గానీ, కూర్చోనిచ్చేదెవరో రాయలేదు.” ఆమె వైపు తిరిగి, “ఇంకొక్క వారం ఇస్తాను. అంతకన్నా నా చేతిలో లేదు,” అంది.

దారంతా ఆయన నాలుగడుగులు ముందే నడిచాడు. ఆమెకి మాత్రం ఎందుకో గాల్లో నడుస్తున్నట్టుంది. తనకి కంగారెక్కువ అనే మాట పదమూడేళ్ళుగా విని విని, నిజమే కాబోలు అనుకుంది ఇన్నాళ్ళూ. నిజం కాదని ఆసుపత్రి కాగితం మీద పదకొండేళ్ళ పిల్ల వంకర అక్షరాల్లో సాక్ష్యం ఉంది. దాన్ని ఫైల్లో పెట్టి నంబరు కూడా వేశారు. నడిరోడ్డు మీద నవ్వొచ్చింది ఆమెకి. గుప్పెడు చెయ్యి పట్టుకుని ఊపుకుంటూ నడిచింది.

ఇదివరకటి మనిషైతే తెల్లారగట్లే లేచి టవలూ తాళాలూ చక్కెర డబ్బా వరసగా బల్ల మీద పేర్చి అప్పుడు కూర్చునేది. ఆ ఆలోచన వచ్చింది కూడా. ఐదు నిమిషాలు కూర్చోవడానికి గంటన్నర చాకిరీయా అనిపించి మానేసింది. ఆ సాయంత్రం ఇద్దరినీ హాల్లోకి పిలిచి చెప్పింది. “రేపట్నుంచి ఏడింటి నుంచి ఏడూ పది దాకా నేను ఇంట్లో లేననుకోండి.”

“ఉంటావు కదే!” అంది అత్తగారు తెల్లబోయి.

“ఉంటాను. లేననుకోండి.”

“ఏదైనా అవసరమైతే?” అన్నాడు ఆయన.

“ఏడూ పదికి అడగండి.”

మొదటి రోజు ఆయన రెండుసార్లు పిలిచాడు. ఆమె మోకాళ్ళు వాటంతట అవే లేవబోయాయి. కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని కూర్చుంది. మూడో రోజు అత్తగారు గుమ్మం దాకా వచ్చి, నిలబడి, గుప్పెడు కళ్ళురిమితే వెనక్కి వెళ్ళింది. నాలుగో రోజు ఫోను మోగి మోగి ఊరుకుంది. ఏడూ పదికి ఆమే చేస్తే, ఓనరు “దొరికాయ్లే అమ్మాయ్” అన్నాడు. ఐదో రోజు ఆమెకి కిటికీ అవతల డాబా మీద రెండు పావురాలు కనిపించాయి. ఎప్పట్నుంచి ఉన్నాయో అవి. ఆరో రోజు వాటికోసమే కూర్చున్నట్టు కూర్చుంది. రోజురోజుకీ అంకె దిగుతూ వచ్చింది.

ఏడో రోజు. ఇది తప్పితే ఆరు రోజులూ బూడిదలో పోసిన పన్నీరు, స్కాన్ లేదు. మూడో నిమిషంలో వంటింట్లోంచి సన్నగా బుసబుస మొదలైంది. పాలు. అత్తగారు స్టవ్ మీద పెట్టి, ఎవరో చూసుకుంటారులే అని పెరట్లోకి పోయింది. ఆ “ఎవరో” ఎవరో ఇల్లంతటికీ తెలుసు. బుసబుస పెరిగింది. హాల్లో ఆయన కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్న అడుగులు వినిపిస్తున్నాయి. మాడువాసన తగిలింది. గుప్పెడు కళ్ళు పెద్దవి చేసి తల్లి వైపు చూసింది. పొంగితే పొంగనీ, అనుకుంది ఆమె. అరలీటరు పాలకంటే దీని గుండె ఎక్కువ నాకు. అరికాళ్ళు నేలకి ఇంకాస్త ఆనించింది.

వంటింట్లో టక్ మంది.

పెళ్ళయిన పదమూడేళ్ళలో, తాను లేని వంటింట్లో స్టవ్ ఆగిన చప్పుడు ఆమె వినడం అదే మొదలు. కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. గుప్పెడు కంగారుగా పెదవుల మీద వేలు పెట్టుకుని, రెండో చేత్తో రెండు వేళ్ళు చూపించింది. ఆ రెండు నిమిషాలూ ఆమె పెదవులు బిగించి, పావురాలకేసి చూస్తూ, కళ్ళ నిండా నవ్వుతో కూర్చుంది.

మిషను గుయ్ మంటూ చెయ్యి బిగించి వదిలింది. నూట పదహారు. గుప్పెడు ఏడో గడి నింపి, కింద పెద్ద గీత గీసి, కుర్చీ చుట్టూ ఒక గెంతు గెంతింది. “స్కాన్! స్కాన్!”

ఆమె కుర్చీలోంచి లేవకుండానే కేకేసింది. “స్టవ్ ఎవరు కట్టేశారు?”

“నేనే!” అన్నాయి వంటింట్లోంచి రెండు గొంతులు ఒకేసారి, ఘనకార్యం చేసినట్టు.

“అయితే పొంగింది కూడా ఇద్దరూ కలిసి తుడిచేయండి,” అని చెప్పి, ఆమె వెనక్కి ఆనుకుని కూర్చుంది.