సోనీ ముఖానికి ముప్పై రెండు

నయాపూల్ కోర్టు దగ్గరి స్టూడియోలో పన్నెండేళ్లుగా పాస్‌పోర్టు ఫోటోలు దిద్దుతున్నాను. ఆ రోజు నా కూతురు సోనీ ఉద్యోగ పరీక్షకు వెళ్లి గంటలోనే తిరిగొచ్చి నా ముందు నిలబడింది. హాల్ టికెట్ మీది ఫోటో తనది కాదని లోపలికి రానివ్వలేదట.

"వాళ్ల కండ్లు పోయినయా? పద, నేనొచ్చి అడుగుత!"

"వాళ్లదేం లేదమ్మా. నువ్వే నన్ను తెల్లగ జేసినవ్."

ఒళ్లు మండింది నాకు. మొటిమలు, మచ్చలు తీశానే గాని ఏనాడూ రంగు జోలికి పోలేదు. అదే అన్నాను. సోనీ కంప్యూటర్ ముందు కూర్చుని, వారంలో నేను దిద్దిన నలభై ఫోటోలను, తన హాల్ టికెట్ ఫోటోను కూడా, అసలు వాటి పక్కన పెట్టింది. ముఖం వెలుగు ఎంత పెరిగిందో అంకెల్లో చూసి, ఒక్కొక్కటే కాగితం మీద రాసింది. ఎర్రగా బుర్రగా ఉన్నవాళ్లకు సున్నా, మహా అయితే ఒకటి. చామనఛాయ వాళ్లకు పది, పన్నెండు. నల్లనివాళ్లకు ఇరవైకి తక్కువ లేదు. అందరికంటే ఎక్కువ సోనీకే, ముప్పై రెండు.

"గిట్ల చెయ్యమని ఎవరన్న చెప్పిన్రా?"

ఎవరూ చెప్పలేదు. ఓనరు వెస్లీ అన్న చెప్పలేదు, గిరాకీలు అడగలేదు. మరి నా చేతికి ఎవరు నేర్పారు? ఎదుటి మేడ మీద క్రీము బోర్డులో తెల్లపిల్ల పన్నెండేళ్లుగా పళ్లికిలిస్తూనే ఉంది. టీవీలో నల్లపిల్లంటే పనిమనిషి, ఫోనులో నల్లపిల్లంటే నవ్వులాట. వీళ్లంతా అడగకుండా నా కళ్లలో దూరి నా బిడ్డ పరీక్షను మింగారు. జేబుదొంగయితే జుట్టు పట్టుకుని నాలుగు తగిలించేదాన్ని. వీళ్లనెక్కడ పట్టుకోను?

ఇంకో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టడానికి ఆ రోజే ఆఖరు. సోనీని స్టూలు మీద కూర్చోబెట్టి మళ్లీ ఫోటో తీశాను.

"దేన్నీ ముట్టకమ్మా."

"ముట్టనే తల్లీ, నీ మీదొట్టు."

ముట్టలేదు. ఉన్నదున్నట్టే పంపాను. పంపాక సోనీ నా భుజం మీదుగా వంగి, "మంచిగొచ్చిందా?" అని అడిగింది.

నేను కన్న ముఖం అది. "మస్తుంది బిడ్డా" అనడానికి నాకు క్షణం పట్టింది. ఆ క్షణం సోనీకి తెలిసిపోయింది. బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.