నేల విడవని కెప్టెన్

పళ్ల డాక్టరు తన విమానాల గురించి ఎవరితో పడితే వాళ్లతో చెప్పేవాడు కాదు. నోరు తెరుచుకుని, దవడ మొద్దుబారి, "చాలు బాబోయ్" అనే వీలు లేకుండా కుర్చీలో వెనక్కి వాలి ఉన్నవాళ్లతోనే చెప్పేవాడు. "కొత్తదానికి రెండు ఇంజన్లండీ. రెక్కకు కొట్టిన మేకులు కూడా విడివిడిగా కనిపిస్తాయి. కొంచెం ఇటు తిరగండి. ఆ, అంతే," అంటూ డ్రిల్లు ఆన్ చేసేవాడు. పేషెంటు "ఆఁ" అంటే అది నొప్పి కాదు, మెచ్చుకోలు అని జమ కట్టుకునేవాడు. బయట బల్ల దగ్గర కూర్చుని పేషెంట్లకు టైములు ఇచ్చే భార్యకు ఇదంతా చెక్క గోడలోంచి వినబడుతూనే ఉండేది. ఆవిడ నోరు మూసుకుని వినేది. తేడా అంతే.

ఆ విమానాలన్నీ ఉన్నది ఇంట్లో, కింది గదిలో, కంప్యూటర్‌లో. కూర్చున్న చోటి నుంచి విమానం నడిపే ఆట అది. ఆట అంటే ఆయనకు ఒళ్లు మండుతుంది, సిమ్యులేటర్ అనాలి. దానికోసం మూడు పెద్ద తెరలు, చేతికి స్టీరింగు, కాళ్ల కింద పెడళ్లు, ఎండ పడకుండా కిటికీకి నల్ల కర్టెను. గదిలో మరో మనిషి నిలబడాలంటే పక్కకు తిరిగి నిలబడాలి. బావమరిది ఆయనకు కెప్టెన్ అని పేరు పెట్టాడు. వెక్కిరించడానికి పెట్టిన పేరు. ఈయన బిరుదుగా పుచ్చుకున్నాడు.

నిజానికి కెప్టెన్ గారికి ఉన్న పిచ్చి ఎగరడం కాదు, కొనడం. ఒక విమానం కొంటాడు. కొన్నాక పైలట్ ముందుండే తెరలూ మీటలూ అసలుదానిలా లేవనిపిస్తుంది. వాటినే ఏవియానిక్స్ అంటారు, అవి విడిగా అమ్ముతారు. అవి కొంటాడు. తర్వాత ఇంజను చప్పుడు బొంగురుగా ఉందని చప్పుడు కొంటాడు. ఆ మీటల్లో ఏది దేనికో చేతికి అలవాటయ్యేసరికి ఇంకో విమానం అమ్మకానికి వస్తుంది. దాంట్లో మీటలన్నీ వేరే చోట, మళ్లీ ఓనమాల నుంచి మొదలు. ఈ లెక్కన కొన్నవాటిలో ఏ ఒక్కదాన్నీ ఆయన క్షేమంగా కిందికి దింపింది లేదు. చాలావాటిని పైకి లేపిందీ లేదు. నేల విడిచి సాము చేసేవాళ్లను లోకం చూసింది గానీ, కెప్టెన్ సాము మొత్తం నేల మీదే.

ఇలా హాయిగా జరిగిపోతుండగా అత్తగారు జారిపడింది. మోకాలికి ఆపరేషనైంది. మెట్లెక్కడానికి వీల్లేదని ఆస్పత్రిలో గట్టిగా చెప్పారు. ఇంట్లో మిగతా పడక గదులన్నీ పైనే.

"అమ్మ కోలుకునేదాకా మన దగ్గరే ఉంటుంది, కింది గది కావాలండీ," అంది భార్య.

డాక్టరుకు కాళ్ల కింద నేల కదిలింది. "అవన్నీ విప్పితే మళ్లీ కుదరవు. నీకు తెలియదు. అది ఆట కాదే, విద్య."

"విద్యా!" అంది ఆవిడ. "సరే. ఆదివారం అమ్మ వస్తోంది. తమ్ముడూ వస్తున్నాడు. మా ముందు ఒక్కసారి ఎగిరి, ఒక్కసారి దిగి చూపించండి. దిగితే గది మీదే. అమ్మకి హాల్లో మంచం వేసి అడ్డంగా దుప్పటి కడతాను. దిగకపోతే గది అమ్మది. ఇన్నేళ్లుగా ఏం కొంటున్నారో నాకూ తెలియాలి కదా."

బుద్ధి ఉన్నవాడెవడైనా ఉన్న విమానాల్లో ఒకదాన్ని పట్టుకుని వారమంతా సాధన చేస్తాడు. మన డాక్టరు కొత్తది కొన్నాడు. అత్తగారి ముందు పాత విమానమా! దాంతోపాటు కొత్త ఏవియానిక్స్ కూడా కొన్నాడు. దాని గొప్పేమిటంటే, అది అన్నీ గుర్తుపెట్టుకుంటుంది. టైరు అరిగితే అరిగినట్టే, ఆయిలు తగ్గితే తగ్గినట్టే, కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టినా విమానం ఎలా వదిలితే అలాగే ఉంటుంది. నిజం ఎన్ని పాళ్లు కావాలి అని అది అడిగితే, డాక్టరు మొత్తం కావాలని నొక్కాడు.

ఇక ఆ వారమంతా క్లినిక్ మూయగానే గదిలో దూరేవాడు. లైటు తీసేసి, విమానంలో బ్యాటరీ స్విచ్ వేసి, నీలంగా పచ్చగా వెలిగే ఆ చిన్న తెరలను చూస్తూ కూర్చునేవాడు. ఇంజను జోలికి పోలేదు. ఇంజను వేస్తే చప్పుడుకు ధ్యాస చెదురుతుంది. భోజనానికి పిలుపు వస్తే అలాగే వదిలి లేచేవాడు.

ఆదివారం మధ్యాహ్నం అందరూ చేరారు. అత్తగారు నడక కర్ర గోడకు ఆనించి, మోకాలు చాపుకుని గుమ్మం దగ్గర కూర్చుంది. బామ్మర్ది బతుకు కోరతాడంటారు. ఈ బామ్మర్ది వినోదం కోరి బిస్కెట్ల ప్యాకెట్టుతో వచ్చాడు. భార్య చేతులు కట్టుకుని నిలబడింది.

"ప్రయాణికులు బెల్టులు పెట్టుకోవాలి," అన్నాడు డాక్టరు గొంతు సవరించుకుని. అత్తగారు నిజంగానే నడుం తడుముకుంది.

స్విచ్ వేశాడు. ఏమీ వెలగలేదు. తీసి మళ్లీ వేశాడు. విమానం గచ్చు మీద దున్నపోతులా నిలబడి ఉంది.

"వైరు లూజైనట్టుంది," అన్నాడు. బల్ల కిందికి దూరి వైర్లన్నీ నొక్కి వచ్చాడు. తర్వాత కంప్యూటర్‌ను తిట్టాడు, కరెంటు వాళ్లను తిట్టాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు చివరికి కిటికీ కర్టెను మీద కూడా ఏదో అన్నాడు. అప్పుడు తెర మూల ఒక చిన్న అక్షరాల వరస కనిపించింది. వంగి దాన్ని చదివాడు.

"ఏమైంది బావా?"

"బ్యాటరీ అయిపోయింది."

"కంప్యూటర్‌లో ఉన్న విమానానికి బ్యాటరీ అయిపోయిందా?"

"ఇది అలాంటి ఇలాంటి విమానం కాదు. నిజందానికి ఏమవుతుందో దీనికీ అదే అవుతుంది. వారమంతా స్విచ్ వేసే ఉంచాను."

"దేనికి?" అంది భార్య.

"చూడ్డానికి."

అత్తగారికి అల్లుడి మీద జాలేసింది. "కారైతే వెనకనుంచి తోస్తారు కదా బాబూ. దీన్ని తోయడానికి లేదా?"

"పద బావా, నేనో చెయ్యి వేస్తా," అన్నాడు బావమరిది బిస్కెట్టు నములుతూ.

"నవ్వకురా. దీనికి బయటనుంచి కరెంటు ఇచ్చే బండి ఒకటి ఉంటుంది. అది విడిగా కొనాలి."

భార్య అప్పుడు ముందుకు వచ్చి, ఆయన కుర్చీ వీపు మీద చెయ్యి వేసింది. "మొదట్లో ఒక తెల్ల విమానం ఉండేది కదండీ. చిన్నది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని సముద్రం మీదుగా తిప్పారు. ఎంత మెత్తగా దింపారో! నేను చప్పట్లు కూడా కొట్టాను. ఉందా అది?"

"ఉంది."

"అది నడపండి. అది దింపినా గది మీదే. నేను మాట తప్పను."

ఆవిడ గొంతులో వెక్కిరింపు లేదు. డాక్టరుకు ఆ రోజు బాగా గుర్తుంది. కింద అలల నురగ, పక్కన ఆవిడ ఊపిరి బిగబట్టుకోవడం. కొనే జబ్బు ఇంకా పట్టుకోని రోజులవి. ఆ విమానాన్ని ఆయన ఇప్పటికీ కళ్లు మూసుకుని దింపగలడు. చెయ్యి దానివైపు వెళ్లింది కూడా. ఇంతలో బావమరిది మెడ సాచి తెరలోకి చూశాడు. చెయ్యి ఆగిపోయింది.

"అదెందుకు? సిమ్యులేటర్‌తో పాటు ఊరికే ఇచ్చేది. అది బొమ్మ."

"మరి ఇవి?" అంది భార్య.

డాక్టరు అమ్మకాల పేజీ తెరిచి, కరెంటు బండి కొన్నాడు. అది ఇంటర్నెట్‌లోంచి కంప్యూటర్‌లోకి దిగడం మొదలైంది, తెర మీద సన్నటి గీత చీమలా పాకుతోంది. భార్య ఆ గీతను కాసేపు చూసింది. ఆయన మళ్లీ ఆవిడ వైపు తిరుగుతాడేమోనని కూడా చూసింది. తిరగలేదు. కుర్చీ మీదనుంచి చెయ్యి తీసేసి, "తమ్ముడూ, మంచం ఓ పక్క పట్టుకో," అంది.

మంచం తలుపులోంచి ఏటవాలుగా వచ్చింది. "కుర్చీ ముందుకి జరపండి," అంటే తెర మీది చూపు తిప్పకుండానే జరిపాడు. "ఇంకొంచెం," అంటే ఇంకొంచెం జరిగి, పొట్ట బల్లకు ఆనించి కూర్చున్నాడు. వెనక పరుపు పడింది, దుప్పటి దులిపిన చప్పుడైంది, కర్టెను తీస్తే ఎండ వచ్చింది. తెరలు సరిగ్గా కనబడటం లేదని ఆయన విసుక్కున్నాడు.

ఎట్టకేలకు బండి దిగింది. విమానానికి తగిలించాడు. చిన్న తెరలు వెలిగాయి. ఒక ఇంజను దగ్గి అందుకుంది, రెండోది గర్జించింది. "స్టార్టయింది!" అని కేక పెట్టి, వెనక్కి తిరిగాడు.

బావమరిది లేడు. బిస్కెట్లు అయిపోగానే వెళ్లిపోయాడు. భార్య లేదు. మంచం మీద అత్తగారు రెండు చెవులూ మూసుకుని, మర్యాదకు నవ్వుతోంది.

"చాలా బాగుంది బాబూ. ఇంక ఆపుతారా? కాలు సలుపుతోంది."

ఆపడం ఆయన ఇంకా చదవలేదు. అది విమానంతో పాటు ఇచ్చిన పుస్తకం చివర్లో ఉంది. తప్పుగా ఆపితే ఇంజన్లు మాడిపోతాయి, ఆ విమానం అది కూడా జన్మలో మరిచిపోదు. "ఒక్క నిమిషం అత్తయ్యా," అంటూ పేజీలు తిప్పుతున్నాడు. భార్య మందుబిళ్ల, నీళ్ల గ్లాసు పట్టుకుని వచ్చింది. చెవి పగిలే హోరులో భర్తనూ పుస్తకాన్నీ చూసి, వంగి గోడ స్విచ్ కట్టేసింది.

మూడు తెరలూ ఒక్కసారిగా నల్లబడ్డాయి. వాటిలో ఆయనకు తన ముఖమే మూడుసార్లు కనిపించింది. సిగ్గేసింది. ఏదో ఒకటి అంటే బాగుండునని భార్య వైపు చూశాడు. ఆవిడ తల్లి నోట్లో బిళ్ల వేస్తోంది.

"లేవండి," అంది అటు తిరిగే. "అమ్మ కాలు ఎత్తుగా పెట్టుకోవాలి. ఆ కుర్చీ ఇలా ఇవ్వండి."

లేచాడు. భార్య కుర్చీని మంచం పక్కకు లాగి, తల్లి కాలు రెండు చేతులతో ఎత్తి దానిమీద పెట్టింది. అత్తగారు ఒక పెద్ద ఊపిరి వదిలి, కాలు అటూ ఇటూ సర్దుకుంది.

"మెత్తగా ఉంది బాబూ," అంది. "ఇది మాత్రం మంచిది కొన్నారు."